మూడు చుట్ల సంత

ఆ రోజుల్లో విదేశానికి వెళ్ళడమంటే మాకు ఓడలూ విమానాలూ కాదు, జగ్గయ్యపేటలో బండి కట్టుకుని పాలేరు దాటడమే. అవతలి ఒడ్డు నైజాం. మాదీ అదీ ఇంకా ఒక్క రాష్ట్రం కాలేదు. అక్కడ మాట్లాడేదీ తెలుగే, తినేదీ జొన్నన్నమే, అయినా మా పెద్దమ్మ లెక్కలో అది పరదేశం. ఏడాదికోసారి అక్కడి అంగడికి (మనం సంత అంటాం) వెళ్ళొచ్చి, మళ్ళీ ఏడాది దాకా ఆ కబుర్లే చెప్పేది. కొత్త దేశంలో సంత తిరగడమంత సుఖం లేదని ఇప్పుడు చాలామంది అంటుంటారు. వాళ్ళెవరూ మా పెద్దమ్మతో తిరిగినవాళ్ళు కారు.

నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. నందిగామలో ఒక బళ్ళో పంతులు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. కాళ్ళకి చూస్తే నాన్న అరగదీసి వదిలేసిన చెప్పులు. ఆ అంగడిలో కిర్రుచెప్పులు బాగా కుడతారని విని పెద్దమ్మ బండెక్కాను. అదృష్టం కొద్దీ అడుగు పెట్టగానే దొరికాయి. కాలు దూర్చి నిలబడ్డాను. "నీ కాలు సూసి కుట్టినట్టే ఉన్నయి సారూ" అన్నాడు కుట్టినాయన. నా జన్మలో నన్ను సారూ అన్న మొదటి మనిషి అతనే. ఆ ఆనందం పూర్తిగా అనుభవించకముందే పెద్దమ్మ నా రెక్క పట్టుకుని లాగింది.

"మొదటి చుట్టు కళ్ళకిరా. రెండో చుట్టు బేరానికి. కొనడం మూడో చుట్టులో. రాగానే కొనేస్తే ఇంకేం బాగుంటది?"

"ఈలోపు అమ్ముడుపోతే, పెద్దమ్మా?"

"పోతే ఇంకో జత. పద."

గొంగడి కొనే పని లేదు. అయినా ఉన్న ప్రతి గొంగడీ విప్పించి చెంపకి ఆనించుకుంది. గాజులమ్మే ఆవిడ పక్కన చతికిలబడి, ఆవిడ కూతురి కాన్పు కథంతా విని, వాము కషాయం ఎలా కాచాలో చెప్పింది. మన గుగ్గిళ్ళనే అక్కడ గుడాలంటారు. అవి దోసెడు తిని "ఈ దేశం రుచే వేరురా" అంది. రెండో చుట్టులో మళ్ళీ అవే గొంగళ్ళు, మళ్ళీ ఆ గాజులావిడ, మళ్ళీ ఆ కాన్పే (ఈ మధ్యలో ఆ పిల్ల ఇంకోసారి కనలేదు కదా). నాకు ఒళ్ళు మండిపోతోంది.

"సోమవారం నేను బళ్ళో చేరాలి పెద్దమ్మా, గుర్తుందా?"

"సోమవారం ఎక్కడికి పోద్దిరా, వస్తదిలే."

మూడో చుట్టులో తీరిగ్గా వెళ్ళేసరికి, ఒక లావుపాటి ఆసామి నా చెప్పులు తొడుక్కుని కిర్రు కిర్రుమంటూ ఎదురొచ్చాడు. మిగిలింది ఒకే జత. అందులో ఒక్క చెప్పులోనే నా రెండు పాదాలూ పట్టేటట్టున్నాయి. పెద్దమ్మ వాటిని బేరమైనా ఆడకుండా కొనేసింది.

"కాలు పెరుగుద్దిలే" అంది.

"ఇరవయ్యేళ్ళొచ్చాక కాలేం పెరుగుద్ది?"

"అయితే ఆముదం పెడదాం. చెప్పే తగ్గుద్ది."

బండిలో నేను మొహం తిప్పుకుని కూర్చున్నాను. పెదనాన్న పోయాక ఆవిడ ఊరు దాటేది ఏడాదికి ఈ ఒక్క రోజే. అది నాకు తెలుసు, కానీ ఆ పూట చెప్పుల ముందు ఇంకేదీ బుర్రకెక్కలేదు. "పొద్దున్నే కొనుంటే ఏం పోయేది?" అని దెబ్బలాడాను.

"కొంటే ఇంక ఇంటికి పోవాలిగా, నాయనా" అంది.

ఇదేం జవాబని ఆవిడ వంక చూసి ఇంకా విసుక్కున్నాను.

సోమవారం బళ్ళోకి నేను వచ్చాను గానీ నా కుడి చెప్పు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆముదం పట్టించడంతో అది ఇంకాస్త సాగింది. హెడ్మాస్టరుగారు దాన్ని చూసి, నా పాదం చూసి, "ఇది తమరిదేనా?" అన్నారు. "మా పెద్దవాళ్ళు కొన్నారండి" అన్నాను. పిల్లలు నన్ను చూసి నవ్వడం ఆ రోజు మొదలై చాలాకాలం సాగింది.

తర్వాత రెండు రాష్ట్రాలూ కలిశాయి. ఊరంతా సంబరపడితే పెద్దమ్మ మాత్రం "అదీ మనూరే అయిపోయిందిగా, ఇంకేం చూడ్డానికి పోతాం" అని దిగాలుగా కూర్చుంది. మళ్ళీ పాలేరు దాటలేదు.

రిటైరయ్యాక నేనూ మా ఆవిడా బ్యాంకాక్ చూడబోయాం. అక్కడి వీధి సంతలో మొదటి కొట్టు చెప్పులదే. నా కాలికి సరిపోయే జత ఉంది. చూసి ముందుకి నడిచాను. మూడోసారి అక్కడికే వచ్చేసరికి మా ఆవిడకి ఓపిక పోయింది.

"కొనేదేదో కొనేసి రండి. బస్సులో అందరూ మన కోసమే కూర్చున్నారు."

"కొంటే ఇంక వెళ్ళిపోవాలిగా" అన్నాను.

ఆవిడ నా వంక ఒక చూపు చూసింది. ఆనాడు బండిలో పెద్దమ్మ వంక నేను చూసిన చూపే అది.