ములకలపల్లిలో స్నోమ్యాన్

ఆ రోజుల్లో అనగానే మీరు లాంతర్లూ ఎడ్లబండ్లూ ఊహించుకునేరు. అంత వెనక్కి పోనక్కర్లేదు. అందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి, వాట్సాప్ ఉంది, ములకలపల్లి సెంటర్లో చికెన్ పకోడీ బండి కూడా ఉంది. నేను మాత్రం అప్పటికి ఇప్పటి మనిషిని కాదు. డిగ్రీ పాసైతే చాలు, లోకమే కుర్చీ వేసి కూర్చోబెడుతుందని నమ్మే రకం. అనుకున్నట్టే కుర్చీ దొరికింది కూడా. జానెడెత్తు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, మూడేళ్ళ పిల్లలు కూర్చునేది. దాని మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చొని, వరసగా నిలబడ్డ పిల్లల ముక్కులు తుడవడంతో నా ఉద్యోగ జీవితం మొదలైంది.

కొత్తగూడెం నుంచి వచ్చిన ఒక మేడం మా మండల కేంద్రంలో ఇల్లు కిరాయికి తీసుకొని ప్లే స్కూల్ పెట్టింది. చేర్చుకునేటప్పుడు నన్ను టీచర్ అంది. చేరిన మర్నాడు నీలం కోటు చేతికిచ్చింది. ఆ కోటు ఆయాలు వేసుకునేదని నాకూ తెలుసు, మా ఊళ్ళో అందరికీ తెలుసు. "జనవరి నుంచి క్లాస్ టీచర్ పోస్టు ఖాళీ అవుతుందమ్మా, అప్పటిదాకా నీ పని చూస్తాను" అంది మేడం. క్లాస్ టీచరైతే కోటు అక్కర్లేదు, చీర కట్టుకోవచ్చు, పిల్లల తల్లులు 'టీచరమ్మా' అని పిలుస్తారు. నాకు అంతకు మించి ఏమీ వద్దనిపించింది. మా పెద్దనాన్న మాత్రం కనపడ్డప్పుడల్లా, "పోరగాండ్ల ముడ్లు కడగనీకి డిగ్రీ ఎందుకు బిడ్డా? మీ నాయనమ్మ ఏ డిగ్రీ లేకుండనే ఇంటిల్లిపాదికి కడిగింది గదా" అనేవాడు. నేను "జనవరి రానీ పెద్దనాయినా" అనేదాన్ని.

జనవరి కంటే ముందు డిసెంబర్ వచ్చింది. మేడంకి ఫోన్లో ఏదో కనపడింది: చలికాలంలో పసిపిల్లల చేత ఆరుబయట ఆడించాల్సిన ఆటలు. మంచుతో బొమ్మ చేయడం, మంచు మీద జారుడుబండి, తర్వాత వేడివేడిగా ఏదో తాగించడం. "మన పిల్లలకు అవుట్‌డోర్ ఎక్స్‌పీరియన్స్ లేదు, అదే లోపం" అంది మేడం. (ఈ పిల్లలు పుట్టి పెరిగిందే ఆరుబయట. వాళ్ళని లోపల కూర్చోబెట్టడం నేర్పమనే తల్లిదండ్రులు ఫీజు కడుతున్నారు. ఆ మాట నేను పైకి అనలేదు, జనవరి గుర్తొచ్చి.) అందరి ఇళ్ళకీ మెసేజ్ పోయింది: పిల్లలు స్వెట్టరు, మంకీ క్యాప్, బూట్లు, చేతులకు గ్లౌజులతో రావాలి. తల్లిదండ్రులు తప్పక హాజరు కావాలి.

మంచు ఎక్కడిదంటే, దానికీ మేడం దగ్గర జవాబుంది. "కాటన్‌తో చేద్దాం. మీ ఇంట్లో పండుతుంది గదా, ఒక బస్తా పట్టుకురా. ప్రోగ్రాం బాగా జరిగితే నీ పోస్టు సంగతి ఆ రోజే అందరి ముందూ చెప్పేస్తాను." అప్పటికి మా చేలో పత్తి ఏరుతున్నారు. మా అమ్మ నడుముకి ఒడి కట్టుకొని పొద్దంతా వంగి ఏరిన పత్తి అది. అడగడానికి నాకు నోరు రాలేదు, అయినా అడిగాను. అమ్మ ఒక బస్తా నా ముందుకు జరిపి, "నీ నౌకరి ఖాయమైతదంటే పత్తిదేముంది, తీస్కపో" అంది. అంతటితో ఊరుకోలేదు. సంతకు పోయి పసుపు చీర, ఆకుపచ్చ అంచుది, దానికి జతగా ఆకుపచ్చ గాజులు తెచ్చింది. "కోటు ఏసుకోకు ఆ దినం" అంది.

ఆ దినం పొద్దున మామూలుగానే అడవి మీంచి పొగమంచు దిగింది, జనం చలిమంటల దగ్గర చేతులు కాచుకున్నారు. మేడం ప్రోగ్రాం మాత్రం పదకొండు గంటలకు పెట్టింది. మా దగ్గర డిసెంబర్లోనైనా పదకొండు గంటలంటే ఎండ నెత్తి మీద ఉంటుంది. గ్లౌజులు ములకలపల్లిలో ఎవరమ్ముతారు? తల్లులు ఆలోచించి పిల్లల చేతులకు సాక్సులు తొడిగి పంపారు. తొడిగిన సాక్సులతో ముక్కు తుడుచుకోలేక, కళ్ళు నులుముకోలేక, చెమటలు కారుతూ వాళ్ళందరూ ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు. ఇళ్ళల్లో కొందరిది కోయ మాట, కొందరిది లంబాడీ, ఇద్దరిది ఉర్దూ, తక్కిన వాళ్ళది తెలుగు. ఏడుపు మాత్రం నాకు అన్నిట్లోనూ అర్థమయ్యేది. జారుడుబండి కోసం తెచ్చిన కొబ్బరి మట్ట మీద ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టి లాగితే, మట్ట ముందుకు పోయింది, వాడు ఉన్నచోటే ఉన్నాడు.

ఇక మిగిలింది స్నోమ్యాన్. మూడు గంపలు ఒకదాని మీద ఒకటి బోర్లించి, మైదా గంజి పూసి, మా అమ్మ పత్తి అంతా నేనే అంటించాను. ముక్కుకి క్యారెట్, కళ్ళకి గోలీలు, మెడకి మేడం గారి చున్నీ. చీర కుచ్చిళ్ళు ఊడిపోతుంటే ఒక చేత్తో అవి పట్టుకొని, రెండో చేత్తో పై గంప కదలకుండా పట్టుకొని పక్కనే నిలబడ్డాను. షామియానా కింద తల్లులు, తండ్రులు, నాయనమ్మలు కూర్చున్నారు. ఫోన్లు లేచాయి. మేడం మైకు తీసుకొని, "చిల్డ్రన్, ఇది స్నో. చాలా చల్లగా ఉంటుంది. వచ్చి ముట్టుకోండి" అంది.

ముందు కదిలింది గుండు పాప. భద్రాచలంలో మొక్కు తీర్చుకొని రావడంతో దానికా పేరు. అది మంకీ క్యాప్ పీకేసి, చేతి సాక్సులు పళ్ళతో లాగేసి, బొమ్మ దగ్గరికొచ్చి ఒక్క వేలితో ముట్టుకుంది. కొంచెం పీకి నలిపితే వేళ్ళ మధ్య గింజ తగిలింది. దాని ఏడుపు టక్కున ఆగిపోయింది. "పత్తి" అంది, తెలిసిన మనిషి ఎదురొచ్చినట్టు. తర్వాత గౌను అంచు రెండు కొసలు కలిపి ఒడి పట్టుకొని, ఏరడం మొదలుపెట్టింది.

బడికి రాకముందు ఈ పిల్లలంతా చలికాలం గడిపింది పత్తి చేలల్లోనే. గట్టు మీద గుడ్డ పరిచి కూర్చోబెడితే, తల్లి ఒడి కట్టుకొని ఏరుతుంటే చూస్తూ పెరిగారు. గుండు పాపని చూడగానే మిగతావాళ్ళూ ఏడుపు ఆపారు. సాక్సులు గాల్లోకి లేచాయి. చొక్కా పట్టినవాడు చొక్కా, స్వెట్టరు పట్టినవాడు స్వెట్టరు, అందరికీ ఒడులు తయారయ్యాయి. ఎవరూ తోసుకోలేదు, ఎవరూ అరవలేదు. నేను నెలల తరబడి వరసలో నిలబెట్టలేకపోయిన పిల్లలు బొమ్మ చుట్టూ వరస కట్టి, కింద నుంచి పైకి శ్రద్ధగా ఏరుతున్నారు. షామియానాలోంచి ఒక నాయనమ్మ, "అడుగున ఇంకా ఉన్నది, ఇడిసిపెట్టకుర్రి" అని హెచ్చరించింది. జనం పడీపడీ నవ్వారు. కాసేపట్లో స్నోమ్యాన్ పోయి మూడు గంపలు, ఒక చున్నీ మిగిలాయి. క్యారెట్ ఎవరు తిన్నారో తెలియదు.

గుండు పాప నిండిన ఒడితో నేరుగా మేడం కుర్చీ దగ్గరికి పోయింది. కుర్చీలో కూర్చున్నది ఆవిడే కాబట్టి, ఏరిన పత్తి తూచి కూలి ఇచ్చే ఆసామి ఆవిడే అనుకుని ఉంటుంది. పత్తి ఆవిడ కాళ్ళ దగ్గర కుమ్మరించి, "కాంటా ఎయ్యి" అని, చేతులు కట్టుకొని నిలబడింది.

మేడం అందరి ముందూ నవ్వింది. లోపలికి పోయాక నవ్వలేదు. "పరువు తీశావు. నీ పల్లెటూరి అలవాట్లన్నీ పిల్లలకు అంటించావు. టీచర్ అంటే ఒక లెవెల్ ఉండాలమ్మా" అంది. నేను ఏరమని చెప్పలేదు మేడం అన్నాను. ఆవిడ వినలేదు.  ఆ సాయంత్రం అదే చీరలో కూర్చొని నేలంతా ఊడ్చి, పత్తి బస్తాకెత్తాను. బస్తా మా ఇంటికి పోలేదు. "పాల్వంచలో పరుపులు కుట్టే చాచా దగ్గర ఇచ్చిరా, మా ఇంట్లోకి దిండ్లు కావాలి" అంది మేడం. ఇచ్చివచ్చిందీ నేనే. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది పోస్టు గురించి కాదు, ఆ దిండ్ల గురించి.

జనవరిలో క్లాస్ టీచర్‌గా మేడం చెల్లెలి కూతురొచ్చింది. నన్ను కోటులోనే ఉండమన్నారు, నేను మానేశాను. ఈలోగా పిల్లలు పత్తి ఏరుతుంటే తల్లిదండ్రులు తీసిన వీడియో ఫోన్లలో తిరిగి తిరిగి జిల్లా దాటింది, చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ లేచింది. ప్రకృతి ఒడిలో చదువు, మా స్కూల్ ప్రత్యేకత, అని రాసి ఉంది. మధ్యలో ఒడి నిండా పత్తితో గుండు పాప, పక్కన మేడం పెద్ద మొహం. నన్ను కత్తిరించేశారు. గంపని పట్టుకున్న చేయి మాత్రం కత్తిరిస్తే గంప కూడా పోతుందని ఉంచారు. మోచేతి దాకా నేను, ఆకుపచ్చ గాజులతో.

ఇప్పుడు కొత్తగూడెంలో బట్టల షాపులో బిల్లు కౌంటర్లో కూర్చుంటాను. ఇక్కడ పెద్ద కుర్చీయే ఇచ్చారు. పోయిన చలికాలం నా కూతుర్ని తీసుకొని అమ్మ దగ్గరికి పోతే, వాకిట్లో పత్తి ఆరబోసి ఉంది. కింద పరిచింది చూస్తే అదే ఫ్లెక్సీ, వెలిసిపోయి. "బడోళ్ళు కొత్తది కట్టిన్రు. పాతది ఇయ్యమని అడిగి తెచ్చిన. మన బస్త పత్తి తిన్నరు, ఇదన్న రావాలె గదా" అంది అమ్మ. మేడం మొహం ఏదీ అని వెతికాను. "గా ముక్క కోసి మేకల కింద ఏసిన" అంది, ఏమీ ఎరగనట్టు.

వాకిలంతా పత్తి పోసినా ఒక మూల మాత్రం ఖాళీగా ఉంది. అక్కడెందుకు పొయ్యలేదంటే, "నీ చెయ్యి ఉన్నదాడ. దాని మీద బరువెందుకని" అంది అమ్మ, పత్తి తిరగేస్తూ.  నా కూతురు అప్పుడే గౌను ఒడి పట్టి ఏరుతోంది, ఎవరూ నేర్పకుండానే. నేను కూర్చొని ఆ మూల మీది దుమ్ము చేత్తో తుడిచాను. గాజుల రంగు ఇంకా పోలేదు. గంప పడిపోకుండా ఎంత గట్టిగా పట్టుకుందో పాపం, జనవరిలో టీచర్ కాబోతున్న ఆ పిల్ల.