మా మోటారు చుట్టనన్న మావయ్య

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, మా పిండిమరలో ఎవరివో గోధుమలు పోస్తుండగా మా వీధి ఫోను గ్రూపులో మెసేజ్ వచ్చింది. వైండింగ్ మావయ్య తెల్లవారుజామున పోయారని. ఆ గ్రూపులో మామూలుగా ఏది వచ్చినా కింద నలుగురు దెబ్బలాటకి దిగుతారు. బ్యాటరీ బండి మేలా పెట్రోలు బండి మేలా, బంగారం కొనాలా బ్యాంకులో వేయాలా, ఇండక్షన్ పొయ్యి మీద వండితే అన్నం రుచి పోతుందా అని. ఆ రోజు ఆ మెసేజ్ కింద చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. నేను మర ఆపేసి, డబ్బాలు పట్టుకుని నిలబడ్డవాళ్ళకి సంగతి చెప్పాను. ఒకావిడ "అయ్యో, మా మిక్సీ ఆయన కాడే ఉండిపోనాది" అంది. అనేశాక సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. మా కంచరపాలెంలో ఎవరో ఒకరి సామాను ఎప్పుడూ ఆయన దగ్గర ఉండేది.

ఆయన నాకు చుట్టం కాదు. తగరపువలస అవతల ఏదో పల్లె నుంచి వచ్చి, రైలు పట్టాల పక్క వీధిలో మోటారు వైండింగ్ కొట్టు పెట్టుకున్న మనిషి. కాలిపోయిన ఫ్యాను, మిక్సీ, నీళ్ళ మోటారు ఏది తెచ్చినా లోపలి పాత తీగ తీసేసి కొత్త రాగి తీగ చుట్టి ఇచ్చేవారు. మా నాన్న ఆయన్ని "బావా" అనేవాడు కాబట్టి నాకు మావయ్య అయ్యారు. నన్ను చూసి వీధి పిల్లలందరికీ మావయ్య అయ్యారు. కొట్టు ముందు ఒక బల్ల ఉండేది. సాయంత్రమైతే ఆ బల్ల మీద లోకంలోని మిషన్లన్నిటికీ పంచాయితీ జరిగేది.

పూర్ణా మార్కెట్లో బట్టల కొట్టున్న భాయి ఒకాయన, మావయ్యకి పాత స్నేహితుడు, ఆ పంచాయితీకి తప్పకుండా వచ్చేవాడు. ఒక వేసవిలో ఆయన కొట్టుకి ఏసీ పెట్టించి, మొదటి బిల్లు చేతిలో పట్టుకుని వచ్చాడు.

"పక్క కొట్టోడు పెట్టించీసినాడు బావా. నాను పెట్టకపోతే కస్టమరు నా గుమ్మం ఎక్కడు" అన్నాడు.

"సల్లగా ఉండడానికి ఓ లెక్కుంటాది భాయ్. పక్కోడి కంటే సల్లగా ఉండడానికి లెక్క నేదు" అన్నారు మావయ్య.

భాయి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మావయ్య అది గమనించారు. ఆ శుక్రవారం కొట్టు మూసి ఉన్న పూట తనే వెళ్ళి, ఎప్పుడూ బార్లా తెరుచుకుని ఉండే అద్దం తలుపుకి దానంతటదే మూసుకునే స్ప్రింగు బిగించి వచ్చారు. ఆయన పద్ధతే అంత. ముందు ఒక చురక అంటించేవారు, తర్వాత పానా పట్టుకుని ఇంటికి వచ్చేవారు.

కొత్తవన్నీ ఆయనకి నచ్చేవని కాదు. ఫోనులో డబ్బులు పడగానే గట్టిగా అరిచి చెప్పే డబ్బా ఒకటి ఉంటుంది కదా, దాని నోరు మాత్రం నొక్కేసి పెట్టేవారు. "ఎవడు ఎంతిచ్చినాడో ఈధంతా ఇనాలేటి? ఉన్నోడు ఉన్నంత ఇత్తాడు" అనేవారు. కళ్ళజోడు నుదుటి మీద నుంచి దించి, ఫోను దూరంగా పట్టుకుని, అంకెలు తనలో తానే చదువుకునేవారు. దానివల్ల ఒకరిద్దరు డబ్బులు వేయకుండానే వేశామని చెప్పి పోయిన మాట నిజం. ఆయనకి తెలుసనే నా అనుమానం.

ఆయన బేరం చూస్తే మాత్రం ఎవరికైనా జాలి వేసేది. పాత ఫ్యాను చుట్టించడానికి ఎవరైనా వస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది సుట్టితే తిరుగుతాది. కానీ ఇప్పుడు తక్కువ కరెంటు ఫ్యాన్లొచ్చినాయి. రోజంతా ఏసుకునీవోళ్ళయితే కొత్తది కొనుక్కోండి" అనేవారు. ఆయన భార్య, మా అత్త, లోపల టీ కాస్తూ వినేది. "కొట్టుకొచ్చినోళ్ళకి పక్క కొట్టు దారి సూపింతాడు ఈ మనిషి. ఈయన్ని కట్టుకుని నాను కట్టిన కోట ఇది" అని చెక్క బీరువా చూపించి నవ్వేది. ఆయన అనే మాట ఒకటే. "సామాను కొన్నప్పుడు దాని రేటడుగుతారు, అది రోజూ తినీ తిండి ఎంతో అడగరేటి?"

ఈ మాట ఎన్నిసార్లు విన్నా నాకు ఎక్కలేదు. ఎక్కి ఉంటే టై కట్టుకుని ఇంటింటికీ తిరిగిన ఆ మనిషి దగ్గర కరెంటు ఆదా చేసే పెట్టె కొనేదాన్ని కాదు. ప్లగ్గులో గుచ్చితే చాలట, బిల్లు సగమైపోతుందట. వీధిలో అందరూ తలొకటి కొన్నారు. నేను పెద్ద తెలివైనదాన్ని కదా, ఇంటికొకటి, మరకొకటి రెండు కొన్నాను. నెల తిరిగేసరికి బిల్లు పైసా తగ్గలేదు. మావయ్య స్క్రూలు విప్పి చూపించారు. లోపల వేలెడంత కెపాసిటరు, ఒక చిన్న ఆకుపచ్చ దీపం, అంతే. ఆయన తిడతారని తల దించుకున్నాను. ఆయన మూత మళ్ళీ బిగించి, "దీపం బాగుంది అమ్మీ. పిల్లలు పడుకున్న గదిలో ఎట్టు, బెదరకుండా ఉంటారు" అన్నారు.

ఇక నా మోటారు సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా ఆయన్ని పొగిడితే నాది దొంగ కన్నీరు అవుతుంది.

మా పిండిమర నాన్న పెట్టింది. నాన్న పోయాక నేను నడుపుతున్నాను. ఒకే మోటారుతో, బెల్టు మార్చుకుని పిండి మరా కారం మరా రెండూ తిప్పుతాం. మా ఆయన పోర్టులో కాంట్రాక్టు పని చేస్తారు. ఓడ ఉంటే పని, లేకపోతే లేదు. పిల్లల ఫీజులు కట్టేది మర మీదే. అలాంటిది కరెంటు బిల్లు ఏటేటా పెరుగుతూ వచ్చి మిగులునంతా తినేస్తోంది. "ఈ రూము సెల్లు కవర్లు అమ్మీవోడికి అద్దికిచ్చీద్దాం. నెల తిరిగీసరికి సొమ్ము సేతికొత్తాది, బాధ నేదు" అని మా ఆయన రెండేళ్ళుగా అంటున్నారు. ఆయన మాటలో తప్పు లేదు. నాకే మనసు ఒప్పలేదు.

సరిగ్గా వేసవిలో, కారాలు ఆడించుకునే రోజుల్లో, మోటారు కాలిపోయింది. ఏడాదికి సరిపడా మిరపకాయలు ఎండబెట్టుకుని జనం గుమ్మంలో ఉన్నారు. మోటారు ఆటోలో వేసుకుని మావయ్య కొట్టుకి పరిగెత్తాను. ఆయన దాన్ని చూశారు కానీ చెయ్యి వేయలేదు.

"ఇది నాను సుట్టనమ్మీ. కొత్తది కొనుక్కో" అన్నారు.

"ఇప్పటికిప్పుడు కొత్తదెక్కడ తెచ్చీది మావయ్యా? సీజను పోతాది."

"సుట్టను" అన్నారు మళ్ళీ.

నా నోరు మంచిది కాదు. ఆ రోజు ఇంకా మంచిది కాదు. "అపార్ట్‌మెంట్ల నీళ్ళ మోటార్లు వత్తన్నాయి కదా, మా పిండిమర మోటారు మీ కంటికి ఆనదులెండి. మా నాన్నుంటే ఇలగ అనీవోరా?" అన్నాను. బల్ల మీద భాయితో సహా నలుగురు ఉన్నారు. అందరూ విన్నారు. మావయ్య చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డారు.

మోటారు ఇంకో కొట్టుకి తీసుకెళ్ళాను. వాళ్ళు ఒక్క పూటలో చుట్టి ఇచ్చారు. పట్టుమని మూడు వారాలు తిరగలేదు, ఒకావిడ మిరపకాయలు సగం ఆడుతుండగా పొగ వచ్చింది. ఆ కారానికి పొగ వాసన పట్టింది. ఆవిడకి మిరపకాయలు కొనిచ్చాను. ఆ సాయంత్రం మా ఆయన సెల్లు కవర్ల మనిషి నంబరు ఫోనులో వెతకడం మొదలుపెట్టారు. నేను వద్దని అనలేదు. మావయ్య దగ్గరకి వెళ్ళడానికి నాకు ముఖం లేదు.

మూడో రోజు ఆయనే మరకి వచ్చారు. తోపుడు బండి మీద తన కొట్టులో ఉండే మంచి మోటారు ఒకటి వేయించుకుని వచ్చారు. మా ఆయన్ని కూడా కూర్చోమన్నారు. ఎప్పుడూ నిలబడి మాట్లాడే మనిషి, బియ్యం బస్తా మీద కూర్చున్నారు.

"మీ నాన్నున్న రోజుల్లో ఈ మోటారు ఓసారి కాలిపోనాది. పెళ్ళోరి పిండి ఉన్నాది, తెల్లారేసరికి కావాల బావా అన్నాడు. కాలిన తీగ మెల్లిగా కోసి, ఒక్కో పోగూ లాగాల. రెండ్రోజుల పని. నాను అలగ సెయ్యనేదు. మంటలో ఎట్టీసినాను. మంటలో ఎడితే తీగ సులువుగా ఊడొచ్చీస్తాది. కానీ తీగ సుట్టీ ఉక్కు రేకులకి మధ్యన పూతుంటాది, అది కాలిపోతాది. ఆ తరవాత ఎంత బాగా సుట్టినా మోటారు తిరుగుతాది గానీ, కరెంటు ఎక్కువ లాగుతాది. మీ నాన్న సంబరపడి నాకు కొత్త పంచె ఎట్టినాడు."

మోకాలి మీద పడ్డ పిండి దులుపుకుని మళ్ళీ అందుకున్నారు.

"ఆ పంచె నాను ఒక్కసారీ కట్టనేదు. ఇన్నేళ్ళూ నా తప్పుకి నీ మీటరు డబ్బులు కడతన్నాది. తెలిసీ మల్లీ సుట్టి నీ కాడ కూలెలగ తీసుకుంతాను?"

ఈ మాట ఆ రోజు కొట్టు దగ్గరే చెప్పొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. నలుగురి ముందు తన పని తప్పని చెప్పుకోలేకపోయారు, నాతో చెప్పుకోవడానికే ఆయనకి మూడు వారాలు పట్టింది. పనివాడికి పేరే కదా ఉన్నది. అంత పేరున్నవాడు నా మరకి వచ్చి, మా ఆయన ముందు కూర్చుని చెప్పుకున్నాడంటే, అది ఎంత బరువో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

తను తెచ్చిన మోటారు బిగించి, మీటరు రీడింగు గోడ మీద సుద్దతో రాశారు. "వారం తిప్పు. పాత బిల్లుతో సరిసూడు. లెక్క కుదిరితే బ్యాంకులో చిన్న లోనెట్టి కొత్త మోటారు కొను. రోజు వడ్డీకి ఇచ్చీవోడి కాడికెల్లకు. కుదరకపోతే మర మూసీ. మీ నాన్న గురుతని మాత్రం నడపకు" అన్నారు. రోజూ సాయంత్రం బల్ల మానేసి వచ్చి, కొత్త అంకె కింద రాసి వెళ్ళేవారు. వారం తర్వాత ఆ అంకెలు కూడింది మా ఆయనే. రెండుసార్లు కూడారు. తగ్గిన కరెంటు ఖర్చు కొత్త మోటారు వాయిదాకి ఇంచుమించు సరిపోతోంది. ఫోను తీసి సెల్లు కవర్ల మనిషికి ఇవ్వటం లేదని చెప్పేశారు.

లోను వచ్చింది, మోటారు వచ్చింది. ఆయన తన మోటారు వెనక్కి తీసుకెళ్ళిపోయారు, అద్దె అంటే చేత్తో వద్దన్నారు. నేను అన్న మాటకి మాత్రం క్షమించమని అడగలేదు. రేపు అడుగుదాం, పండక్కి బట్టలు పెట్టి అడుగుదాం అనుకుంటూ ఏడాది గడిపాను. ఈలోపు ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. చుట్టిన తీగకి పూసే వార్నిష్ పొగ ఏళ్ళ తరబడి పీల్చిన ఛాతీ.

ఆఖరుకి వెళ్ళాను. మంచం పక్కన గాలి అందించే మిషను పెట్టారు. నన్ను చూడగానే, "మంచి మిషను అమ్మీ, సప్పుడు నేదు. తిండి ఎంత తింతాదో సూడాల" అన్నారు. నేను ఏడుపు ఆపుకుని, "మావయ్యా, ఆ రోజు కొట్టు కాడ నోరు జారీసినాను. మనసులో ఎట్టుకోకండి" అన్నాను. ఆయన ఊపిరి కూడదీసుకుని, "ఈ నెల బిల్లెంతొచ్చినాది?" అని అడిగారు. చెప్పాను. తల ఊపారు. అది నాకు జవాబో కాదో ఇప్పటికీ తెలీదు. తెలియకుండానే ఆయన పోయారు, నాకు అదే బాధ.

నిన్న అత్త మా మరకి వచ్చింది. నెల మాసికానికి బియ్యప్పిండి కావాలని, తడి బియ్యం గుడ్డలో మూటకట్టి తనే తెచ్చుకుంది. నేను ఇంటికి వచ్చి తీసుకెళ్ళేదాన్ని కదా అంటే వినలేదు. బియ్యం పోసి స్విచ్ వేశాను. అత్త మెల్లిగా నడిచి వెళ్ళి, తిరుగుతున్న మోటారు మీద అరచెయ్యి ఆనించింది. నేను కంగారుపడి, ఆవిడ చెయ్యి బెల్టు వైపు వెళ్ళకుండా అడ్డం నిలబడ్డాను. "మీ మావయ్య ఇంటికొచ్చి అన్నం కాడ సెప్పీవోడు. ఆ పిల్ల మోటారు మీద సెయ్యేసి సూసొచ్చినాను, సల్లగా తిరగతన్నాది అనీవోడు. రోజూ అదే మాట" అంది. నేను లేని వేళల్లో, మర తిప్పే పనివాణ్ణి అడిగి ఆయన లోపలికి వచ్చి చూసుకుని వెళ్ళేవారని నాకు అప్పుడే తెలిసింది.

పిండి రావడం ఆగిపోయింది. ఖాళీ మరకి కరెంటు కాలుతోంది. ఆయన ఉంటే ఊరుకునేవారు కాదు. అత్త చెయ్యి ఇంకా మోటారు మీదే ఉంది, కళ్ళు మూసుకుని ఉంది. ఆవిడ చెయ్యి తీసేదాకా నేను స్విచ్ దగ్గరకి వెళ్ళలేదు.