అవ్వ బొటనవేలు

సత్యవేడు దగ్గర పల్లెల్లో ఇంటింటికీ పింఛను పంచే ఉద్యోగం నాది. అక్కడ పింఛను తీసుకునే ఒక అవ్వకు శనక్కాయలు ఒలిచి ఒలిచి వేళ్ల గీతలు అరిగిపోయాయి. పింఛను ఇచ్చేముందు వేలు పెట్టించుకునే మిషను ఓ పట్టాన ముద్ర తీసుకునేది కాదు. అందుకే ఉన్న గీతలైనా మిగలాలని కుడి బొటనవేలికి ఎప్పుడూ గుడ్డ చుట్టుకుని, మిగతా వేళ్లతోనే పనంతా చేసేది. ఒకటో తారీఖున నేను వెళ్లేసరికి కోడలు ఆ గుడ్డ విప్పి, వేలికి కొబ్బరినూనె రాసి తుడిచి, అవ్వను వాకిట్లో కూర్చోబెట్టేది.

"మంచాన పడిన నా కొడుక్కి మందులు తెచ్చేది ఈ ఏలే నాయనా," అనేది అవ్వ.

ఆమె పోయిన రోజు వెళ్లాను. వాకిట్లో శవానికి నీళ్లు పోస్తున్న కోడలు గుడ్డ విప్పి, వేలు కడిగి, అలవాటుగా నూనె రాసింది. తుడవబోతూ తలెత్తి నన్ను చూసింది.

"ఇంగ ఎవురి ఏలు పెట్టేదన్నా?" అంది.