మామ పట్టిన నీళ్ళు

స్ప్రేయర్లు అమర్చే మెకానిక్‌ను చుట్టరికం లేకపోయినా మామా అని పిలిచేవాణ్ణి; ఆయన మీటరు తెర మీది అంకెను ఊరికే నమ్మేవాడు కాదు. అరియాంకుప్పంలో మా మేనత్త వరిచేనికి ట్రాక్టరు స్ప్రేయరు అమర్చిన రోజున కూడా ట్యాంకులో ఉత్త నీళ్ళే పోశాడు. ఒక్కో నాజిల్ కింద కొలజాడీ పట్టుకుని, నిమిషంసేపు ఊపిరి బిగబట్టి చూశాడు. జాడీల్లో పడిన నీటిని బట్టి ఎంత నీరు పారుతోందో లెక్కించే ఫ్లో మీటరుకు ఒక అంకె పెట్టాడు.

ఇలాంటి మీటర్ల గురించి పుదుచ్చేరి లైబ్రరీలో నేను చదివిన పుస్తకంలో అంతకంటే పెద్ద అంకె ఉంది. మామ వెళ్ళగానే దాన్నే ఎక్కించి, కలుపుమందు పోయించి కొట్టించాను.

సగం చేను కూడా కాకముందే ట్యాంకు ఖాళీ అయింది. చేనంతటికీ సరిపడే మందు అది. ఫోను చేస్తే మామ పరుగున వచ్చి మీటరు చూశాడు.

“అంకె ఎవుర్రా మార్చింది?”

“నేనే మామా. బుక్కులో అట్లనే ఉండింది.”

“బుక్కు రాసినోడు ఈ మీటరును యాడ చూసినాడు? అంకె పెంచితే మీటరు తక్కువ లెక్కేసి మందు ఎక్కువ వదుల్తాది. పైరు మాడితే మీ అత్త ఏం తింటాదిరా?”

నాలుగు రోజులు భయంతో గట్టు మీదే తిరిగాను. అయిదో రోజుకు ఆకుల కొసలు ఎండాయి.

“ఏందన్నా ఇది?” అని అత్త మామను అడిగింది.

ఆయన నా వైపు చూడనే లేదు. “అంకె నేనే తప్పు పెట్టినా చెల్లా,” అన్నాడు.

నిజం చెప్పబోయాను. అత్త ముఖం చూసి ఆగిపోయాను.

మరుసటి పంటకు ఆమె వేరే మెకానిక్‌ను పిలవమంది. ఆ కొత్తాయనకు ఫోను చేసింది నేనే.