అతిథులకు చూపించని చోటు

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ మా అక్క వాళ్లింటికి వెళ్లాను. అక్క కూతురు సోఫాలో కాళ్లు ముడుచుకు కూర్చుని ఫోన్ చూస్తోంది. ప్రపంచకప్ ఫుట్‌బాల్ జరిగే ఏదో దూరదేశపు నగరం గురించి రాశారట. ఆటకూ ఆటకూ మధ్య ఖాళీ దొరికితే అక్కడ ఎక్కడెక్కడ తిరగాలో, ఏం తినాలో, ఏ మేడ ఎక్కి సూర్యాస్తమయం చూడాలో పైకి చదివి వినిపిస్తోంది. "చిన్నమ్మా, ఊరంత ఎంత నీట్‌గ ఉన్నదో చూడు" అని ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. అద్దంలా మెరిసే వీధులు. నాకు మాత్రం ఆ బొమ్మలోంచి కుళ్లిన కూడు వాసన వచ్చినట్టయింది. చేతిలో టీ పక్కన పెట్టేశాను. "ఊడ్చిందంత ఏడ పారబోసిన్రో అది గూడ రాసిన్రా?" అని అడిగాను. పిల్ల నన్ను వింతగా చూసింది. దాని తప్పేమీ లేదు. మా ఊరికి ఆ వైభోగం పట్టినప్పుడు అది హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంది.

అవును, మా గోదావరిఖనికి కూడా ఒక శీతాకాలం అతిథులు వచ్చారు. బొగ్గుగని కార్మికుల ఫుట్‌బాల్ పోటీలకు నాలుగైదు రాష్ట్రాల జట్లు దిగాయి. ఊరి పెద్దమనుషులు కొందరు తమకు తామే ఒక స్వాగత కమిటీ వేసుకున్నారు. దాని అధ్యక్షుడు ఒక ఫంక్షన్ హాలు యజమాని. బంతిని ఏనాడూ కాలితో తాకి ఎరుగడు. గోల్ పడితే పక్కవాడి చేతులు కదిలాక తన చేతులు కదిపేవాడు. నేను అప్పుడే టీచరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను కాబట్టి, మ్యాచ్ లేనప్పుడు అతిథులు ఊళ్లో చూడదగ్గవేమిటో రాసిపెట్టే పని నాకు అప్పగించారు. సంబరపడ్డానంటే నమ్మండి. మా బావను, అంటే మా అక్క భర్తను, వెంటబెట్టుకుని ఊరంతా తిరిగాను. బావ రిటైరైన గని కార్మికుడు, ఒకప్పుడు తన గని జట్టుకు గోల్‌కీపరు. వంకరపోయిన చిటికెన వేలు చూపిస్తూ ఇప్పటికీ ఆ ఆటలన్నీ చెబుతాడు. పొద్దున్నే మంచులో గోదావరి ఒడ్డు. ఓపెన్‌కాస్టు గని అంచున నిలబడి చూస్తే అడుగున చీమల్లా పాకే పెద్ద పెద్ద లారీలు. మొదటి షిఫ్టు వాళ్లు డ్యూటీకి పోయే వేళ చౌరస్తాలో ఒక అక్క కాల్చే సర్వపిండి, నువ్వులు చిటపటలాడుతుంటే వచ్చే ఆ కమ్మటి వాసన. మా చర్చిలో డోలక్ మీద పాడే పాటలు. ఇవన్నీ ముచ్చటగా రాసుకుని తీసుకెళ్లాను.

అధ్యక్షుడు పళ్లలో పుల్ల పెట్టుకుని చదివాడు. "ఏంది టీచరమ్మా, బొగ్గు తీసేటోళ్లకు మళ్ల బొగ్గే చూపెడ్తవా?" అని నవ్వి, అన్నీ కొట్టేసి, వాటి స్థానంలో తన ఫంక్షన్ హాలు తోట, అందులోని సిమెంటు జిరాఫీ, తన బామ్మర్ది కొత్త బట్టల దుకాణం చేర్చాడు. జిరాఫీ వరకు నేను నవ్వుకుని ఊరుకునేదాన్నే. కానీ మర్నాటి నుంచి స్టేడియానికి పోయే దారి పొడుగునా, మురిక్కాలువ పక్కనున్న బస్తీ కనబడకుండా, మనిషెత్తు ఆకుపచ్చ గుడ్డ కట్టారు. ఆ బస్తీ మనుషులు తమ ఇళ్లకు పోవాలంటే గుడ్డ ఎత్తి, వంగి, దొంగల్లా దూరాలి. సర్వపిండి అక్క బండి చౌరస్తాలో మాయమైంది. గుడ్డ వెనక ఆమె గుమ్మంలో కూర్చుని కనిపిస్తే ఏమైందని అడిగాను. "మా మొఖాలు మంచిగ లేవట టీచరమ్మా. ఆటలు అయ్యేదాంక బయిటికి రావద్దన్నరు" అంది. ట్రాక్టర్లు తిరిగి ఊళ్లోని చెత్తంతా ఎత్తుకుపోయాయి. రోడ్లు కడిగిన పళ్లాల్లా మెరిశాయి. ఆ చెత్త ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు.

స్వాగత విందు ఆ ఫంక్షన్ హాల్లోనే జరిగింది. బాదం ఆకుల ప్లేట్లలో బిర్యానీ వడ్డించారు. అంచుకు బంగారు కాగితం, మధ్యలో అధ్యక్షుడి ఫొటో అంటించిన ఆ ప్లేట్లను నేను జన్మలో మరిచిపోలేను. మనిషి ముఖం మీద మాంసం పెట్టుకుని తినడం ఎట్లాగో తెలియక నేను అంచుల నుంచి తిన్నాను. అప్పుడు జార్ఖండ్ నుంచి వచ్చిన జట్టు కోచ్, నెత్తి నెరిసిన బక్కపలచని మనిషి, మా బావ పక్కన వచ్చి కూర్చున్నాడు. ఎక్కడో మరిచిపోయిన తెలుగును తవ్వి తీస్తున్నట్టు ఒక్కో మాటే పలికాడు.

"అన్నా, మా అమ్మ ఇక్కడనే ఉన్నది. జర చూపిస్తవా?"

"ఏ కాలనీల ఉంటదే?" అన్నాడు బావ.

"మట్టిల" అన్నాడతను.

వాళ్ల నాన్న ఇక్కడ గనిలోకి దిగే షాఫ్టు తవ్వే పనికి వచ్చాడట. వాళ్లూ క్రైస్తవులే. తల్లి జ్వరంతో చనిపోతే ఇక్కడే పాతిపెట్టి, చిన్నపిల్లాడైన ఇతన్ని తీసుకుని తండ్రి వెళ్లిపోయాడు. వర్క్‌షాపులో పనిచేసే స్నేహితుడొకడు బొగ్గు ట్రాలీలు నడిచే ఇనుప పట్టాల ముక్కలు అతికించి శిలువ చేసిచ్చాడని మాత్రం అతనికి గుర్తుంది. జట్టుకు కోచ్‌గా ఎన్ని ఊళ్లు తిరిగినా ఈ ఊరి పిలుపు కోసమే చూశానన్నాడు.

మర్నాడు మ్యాచ్ లేదు. అతిథుల బస్సు జిరాఫీ దగ్గరికి బయలుదేరింది. క్రైస్తవుల శ్మశానం దాకా తీసుకుపోమని కోచ్ అడిగితే కమిటీ మనిషి "అటుదిక్కు బస్సు పోదు" అన్నాడు. దాంతో బావ ఆటో పిలిచాడు. కోచ్, ఇద్దరు ఆటగాళ్లు, బావ, నేను. సందు మలుపు తిరగకముందే ఆటో డ్రైవరు ముక్కు మూసుకున్నాడు.

శ్మశానం గేటు లోపల సమాధులు కనబడలేదు. చెత్త ఉంది. ఊరినంతా ఊడ్చిన చెత్త, నడుమెత్తు గుట్టలుగా, ఈ మూల నుంచి ఆ మూలకు. మురిక్కాలువ పూడికమట్టి, చచ్చిన కుక్క, పిల్లల డయపర్లు, చిరిగిన ఫ్లెక్సీలు. గుట్టల పైన ఇంకా తడి ఆరని బాదం ఆకుల ప్లేట్లు, బంగారు అంచులతో. అధ్యక్షుడి నవ్వు మొహాల మీద ఎముకలు, ఈగలు. రాత్రి నేను తిన్న ప్లేటు కూడా వాటిలో ఒకటి. గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను. ఆ గోడవతలే మా అమ్మానాన్నల సమాధులు, బావ అమ్మానాన్నలవి కూడా.

కోచ్ బూట్లు విప్పి గేటు దగ్గర పెట్టాడు. ప్యాంటు మడిచి ఆ కుళ్లులోకి దిగాడు. చేతులతోనే తీయడం మొదలుపెట్టాడు. బావ పక్క ఇళ్ల నుంచి పారలు, తట్టలు తెచ్చాడు. ఆటగాళ్లలో ఒకడు ఫోన్ చేస్తే జిరాఫీ దగ్గరున్న జట్టంతా ఆటోల్లో వచ్చి దిగింది. గుడ్డ వెనక బస్తీ నుంచి సర్వపిండి అక్క, ఆమె తోడికోడలు కూడా వచ్చి కొంగులు బిగించారు.

మధ్యాహ్నానికి అధ్యక్షుడి కారు వచ్చింది. ఆయన దస్తీ ముక్కుకు అడ్డం పెట్టుకుని గేటు బయటే నిలబడ్డాడు. "టీచరమ్మా, అతిథులను గిసొంటి జాగకు తీస్కొస్తరా? ఊరి పరువు ఏంగావాలె?"

బావ పార నేలకు ఆనించి అతని దగ్గరికి నడిచాడు. "మా అవ్వ, మా నాయిన, వీళ్లమ్మ, అందరు నీ ఎంగిలి కింద పన్నరు. దస్తీ తీసి ఒక్కసారి వాసన చూడన్నా. గదే నీ పరువు."

ఆయన దస్తీ తీయలేదు. కారెక్కి అద్దం పైకెత్తుకున్నాడు. అంత చెత్త మధ్య నిలబడి కూడా, ఆ ఎత్తిన నల్లటి అద్దాన్ని చూసినప్పుడే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

పొద్దు వాలేసరికి వెనక మూల నేల బయటపడింది. అక్కడ ఇనుప పట్టాల ముక్కలతో చేసిన శిలువలు మూడు దొరికాయి. మూడూ ఒక్క చేతి పనే. పేర్లు తుప్పు తినేసింది. ఎవరి శిలువ ఎవరిదో చెప్పే మనిషి ఊళ్లో మిగల్లేదు. కోచ్ చాలాసేపు ఒక దాని నుంచి ఇంకో దానికి తిరిగాడు. తర్వాత తన సీసాలోని నీళ్లతో మూడింటినీ కడిగాడు. మూడింటి దగ్గరా మోకరించాడు. లేచాక "ఇప్పుడు ముగ్గురున్నరు నాకు" అని నవ్వబోయి ఏడ్చాడు. సర్వపిండి అక్క తన కొంగు ఇచ్చింది తుడుచుకోమని.

చేతులు బొబ్బలెక్కిన ఆ జట్టు మర్నాడు చిత్తుగా ఓడింది. గోల్‌కీపరు బంతి పట్టుకోలేక వదిలేస్తుంటే మా బావ ఒక్కడే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. మిగిలిన చెత్తను మా చర్చి వాళ్లం ట్రాక్టరు పెట్టి తీయించాం. అధ్యక్షుడికి చివరి రోజు శాలువా కప్పారు. నేను వెళ్లలేదు. ఆయన ఇప్పటికీ ఎదురైతే నమస్తే పెడతాడు. నేను రోడ్డు దాటి అవతలికి పోతాను.

ప్రతి క్రిస్మస్‌కూ కోచ్ ఫోన్ చేస్తాడు. అప్పటికల్లా ఆ మూడు శిలువలకు రంగు వేయించి ఉంచడం బావ పని. ఇనుము మళ్లీ తుప్పు పడుతుంది, మళ్లీ రంగు వేస్తాం. ఆ పేర్లు తినేసినందుకు కాలం మీద నాకు కోపం లేదు. అది పెద్ద పేరనీ చిన్న పేరనీ చూడకుండా నెమ్మదిగా తన పని తాను చేసుకుపోతుంది. ఎవరి సమాధి మీదా ఎంగిలి మాత్రం వేయదు.