అన్న నడిపిన జర్మనీ కారు

నా దగ్గర ఒక పాత జర్మనీ కారు ఉంది. కరీంనగర్‌లో మా ఫొటో స్టూడియో వెనక రేకుల షెడ్డులో కవరు కప్పుకుని పడి ఉంది. ఎందుకు నడపడం లేదని ఎవరైనా అడిగితే, హైదరాబాద్ నుంచి ఏదో పార్టు రావాలని అబద్ధం చెబుతాను. కారుకేమీ కాలేదు. దాన్ని ముట్టుకోవడానికి నాకే చెయ్యి రావడం లేదు.

ఇరవై ఏళ్ళుగా పెళ్ళి ఫొటోలు, వీడియోలు తీసి బతుకుతున్నాను. పెళ్ళికొడుకు బొజ్జను శాలువా కింద దాచడం, ముసలమ్మ చేతికర్రను కుర్చీ వెనక్కి నెట్టడం, ఏడ్చి ఉబ్బిన కళ్ళను పక్కకు తిప్పించడం మా పనిలో భాగం. ఎవరింట్లో ఎన్ని బాధలున్నా ఫొటోలో మాత్రం అందరూ చల్లగా కనబడాలి. ఆ విద్యలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని నాకు పొగరు. ఆ పొగరే మా అన్న కొంప ముంచింది.

అన్నంటే తోడబుట్టినవాడు కాడు. మందమర్రి బొగ్గు గని క్వార్టర్లలో వాళ్ళకూ మాకూ మధ్య ఒకటే గోడ. నాకంటే పదేళ్ళు పెద్ద. చిత్తు కాగితాల కొట్టుకు వచ్చిన పాత ఇంగ్లిష్ పత్రికల్లోంచి కార్ల బొమ్మలు చింపి తెచ్చి, అన్నం మెతుకులతో ఆ గోడకు అంటించేవాళ్ళం. పేర్లు చదవడం రాకపోయినా ముందరి జాలీ చూసి ఏ కారో అన్న చెప్పేవాడు. తర్వాత ఆయన తండ్రి ఉద్యోగం తీసుకుని బొగ్గు బాయి దిగాడు, నేను కెమెరా పట్టుకుని కరీంనగర్ వచ్చాను. కలిసినప్పుడల్లా ముచ్చట మాత్రం కార్లదే.

ఏళ్ళ తరబడి వంగి పనిచేసి అన్న నడుములో ఎముకలు అరిగిపోయాయి. ఎడమ కాలు సగం మొద్దుబారింది. పైకి చూస్తే ఏమీ తెలియదు, మనిషి నిటారుగా, గట్టిగా కనబడతాడు. కానీ కర్ర లేకుండా పది అడుగులు వేస్తే నడుము పట్టేస్తుంది, కాసేపు నిలబడితే చెమటలు పడతాయి. ఇవన్నీ నేను కళ్ళారా చూశాను.

చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే నాకు ఆ పాత పిచ్చి మళ్ళీ లేచింది. కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి వాడిన కారు కోసం హైదరాబాద్ వెళ్ళాను. అన్న నడుముకు బెల్టు కట్టుకుని నాతో వచ్చాడు. మొదట చూసిన ఎర్ర కారు దగ్గరే నేను మనసు పారేసుకున్నాను. అన్న ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"ఏడిగుంది తమ్మీ. మనం రాకముందే స్టార్ట్ చేసి పెట్టిండు. సల్లటి ఇంజన్ చప్పుడుల రోగం తెలుస్తది, అది మనకు ఇననియ్యొద్దని," అన్నాడు చెవిలో.

రెండోది ఒక డాక్టరు గారిది, బూడిద రంగు. బానెట్ చల్లగా ఉంది. స్టార్ట్ చేయించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. "గిది కొనుక్కో" అని ఒక్క మాటే అన్నాడు. రంగు నాకు నచ్చలేదు, అయినా కొన్నాను. ఆ కారు ఇంతవరకు నన్ను దారిలో వదిలేయలేదు.

కరీంనగర్‌లో దాని బతుకు వేరు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా పొట్ట గీసుకునేది. చూసినవాళ్ళందరూ మొదట అడిగేది మైలేజీ, రెండోది దానికి ఇంత ఎందుకు పెట్టావని. వారానికోసారి గుడ్డ పట్టుకుని దాని చుట్టూ తిరుగుతుంటే మా ఆవిడ, "గిది కారా, కొత్త కోడలా? గింత సేవ ఏంది?" అని దెప్పేది.

ఆ సేవకు తోడు దొరికారు. ఆదివారం పొద్దున మానేరు డ్యాం కట్ట మీద కార్ల పిచ్చివాళ్ళు కొందరు కలుస్తారు. ఒక పళ్ళ డాక్టరు, సుల్తానాబాద్ నుంచి ఒక రైస్‌మిల్లు ఆసామి, సొంత కారే లేని ఒక ఆర్టీసీ డ్రైవరు, ఇంకా నలుగురైదుగురు. ఎవరి కారైనా సరే, వచ్చినవాళ్ళందరూ ఒక్కో చుట్టు నడపాలన్నది అక్కడి పద్ధతి. తాళంచెవి ఇవ్వడానికి వెనకాడేవాడు మళ్ళీ రాకూడదు. ఆర్టీసీ డ్రైవరు నా కారును ఒక చుట్టు నడిపి వచ్చి, తన తువ్వాలుతో స్టీరింగు తుడిచి తాళంచెవి ఇచ్చాడు. నాకు కడుపు నిండినట్టయింది. ప్రతి వారం వీడియోలు తీసి గుంపు పేజీలో పెట్టేవాణ్ణి. అందరికీ నా కారూ తెలుసు, నా వీడియోలూ తెలుసు.

అన్నకు మాత్రం ఒక్క చుట్టూ దక్కలేదు. కారును ఎంచిపెట్టిన మనిషే దాన్ని నడపలేదన్న బాధ నన్ను తినేసేది. ఒక ఆదివారం అందరినీ ఒప్పించి, నాలుగు కార్లు వేసుకుని మందమర్రి వెళ్ళాను.

అప్పటికి అన్న కంపెనీ మెడికల్ బోర్డుకు అర్జీ పెట్టుకుని ఉన్నాడు. ఒళ్ళు ఇక పనికిరాదని బోర్డు తేల్చితే ఆ ఉద్యోగం కొడుకుకో బిడ్డకో వస్తుంది. మా కాలనీల్లో దాన్ని అన్‌ఫిట్ అంటారు. బయటివాళ్ళకు వింతగా ఉంటుంది గానీ, ఇంట్లో మనిషి అన్‌ఫిట్ అయ్యాడంటే మా దగ్గర స్వీట్లు పంచుతారు. రిటైర్మెంటు దగ్గరపడితే ఆ దారి మూసుకుపోతుంది. అన్నకు ఇదే చివరి బోర్డు. ఆయనకు ఒక్కతే బిడ్డ. డిగ్రీ చదివి మంచిర్యాలలో బట్టల షాపులో బిల్లులు కొడుతోంది. ఆ ఇల్లంతా ఒక్క మాట కోసం ఎదురుచూస్తోంది.

బోర్డుకు పెట్టుకున్నవాళ్ళు ఎలా మసలుకోవాలో కూడా అక్కడ పుట్టినవాళ్ళకు తెలుసు. పెళ్ళి బరాత్‌లో కనబడకూడదు, సైకిలెక్కకూడదు, బియ్యం బస్తా మీద చెయ్యి వేయకూడదు. నొప్పి ఉంటే చాలదు, ఉన్నట్టు కనబడాలి. నేను కూడా ఇవన్నీ తెలిసి పెరిగినవాణ్ణే.

తాళంచెవి చేతికిస్తే అన్న వెనక్కి తగ్గాడు.

"వద్దు తమ్మీ. క్లచ్ తొక్కనీకి కాలు లెవ్వదు."

"గీ కారుకు క్లచ్చే లేదన్నా. ఎడమ కాలు పండుకున్నా నడుస్తది."

వదిన గుమ్మంలోంచి, "బోర్డుకు నెల గూడ లేదు. ఎవరన్న చూస్తే?" అంది.

"కార్ల కూసున్నోని నడుము ఎవరికి కనబడ్తది వదినా? పది నిమిషాల్ల వచ్చేస్తం," అన్నాను.

బెల్లంపల్లి వైపు రోడ్డు ఎక్కాం. కాసేపు భయంభయంగా నడిపాడు. రోడ్డు ఖాళీగా కనబడగానే కాలు నొక్కాడు. ఇంజను గొంతు మారింది. అన్న నవ్వాడు. ఆ నవ్వు చిన్నప్పుడు ఆ గోడ దగ్గర విన్నదే, మధ్యలో ఎన్నో ఏళ్ళు వినలేదు.

"ఓ తమ్మీ, గిది ఉరుకుతలేదురా, మనల ఎత్తుకపోతుంది!" అన్నాడు. ఏడుపు ఆపుకోవడానికి నేను కిటికీ వైపు తిరిగాను.

అక్కడితో వెనక్కి తిరిగి వచ్చేసి ఉంటే సరిపోయేది. రోడ్డు పక్కన ఆపించాను. వెనక వచ్చిన వాళ్ళంతా దిగి చప్పట్లు కొట్టారు. కెమెరా బయటికి తీశాను. వెలుగు బాగుంది, కారు బాగుంది, అన్న ముఖం వెలిగిపోతోంది. చేతిలో కర్ర ఒక్కటే బాగా లేదు.

"అన్నా, కర్ర ఇటియ్యి. జరసేపే."

"పడ్త తమ్మీ."

"బానెట్‌కు ఆనుకో. ఏం గాదు."

ఇచ్చాడు. నేను దాన్ని రోడ్డు దిగువన గడ్డిలో పెట్టాను. ఫొటోలయ్యాక, వీడియో కోసం డోరు దగ్గర్నుంచి ముందు దాకా నాలుగు అడుగులు నడిపించాను. మొదటిసారి పళ్ళు బిగపట్టాడని రెండోసారి నడిపించాను. ఆ తర్వాత వెనక సీట్లో పడుకోబెట్టి ఇంటికి చేర్చాం. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. అలసటకే అనుకున్నాను, లేదా అనుకోవాలనుకున్నాను.

ఇంటికొచ్చి వీడియో తయారుచేశాను. నడకను స్లో మోషన్‌లో పెడితే కుంటు కనబడదు, మా పెళ్ళి వీడియోల్లో వాడే చిట్కానే. ముఖంలో నొప్పి కనబడిన ముక్కలు కత్తిరించాను. పైన ఇలా రాశాను: "ముప్పై ఏళ్ళు బొగ్గు బాయిలో చేసినా తగ్గని జోరు, మా అన్న." ఆ రోజు గుంపులో నా వీడియోకు వచ్చినంత మెప్పు ఎవరికీ రాలేదు. వాళ్ళు ఇంకో గుంపుకు పంపారు, ఆ గుంపు మరో గుంపుకు. మందమర్రి ఫోన్లన్నీ చుట్టి వచ్చిందని విని మురిసిపోయాను.

ఎవరో అందులోంచి బొమ్మలు తీసి, అన్న నొప్పంతా నటనేనన్న ఉత్తరానికి జతచేసి బోర్డుకు పంపారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. తెలుసుకుని చేసేదేముంది, ఆ బొమ్మలు చక్కగా సర్దిపెట్టింది నేనే కదా.

బోర్డు రోజు బస్సులో కూర్చోలేడని నేనే కారులో తీసుకెళ్ళాను. బిడ్డ కూడా వచ్చింది. రెండు గంటల తర్వాత అన్న బయటికి వచ్చాడు. ఆమె మంచినీళ్ళ కోసం వెళ్ళింది. నా పక్కన బెంచీ మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"పెద్ద డాక్టరు ఫోన్ల వీడియో చూయించిండు. గిది నువ్వేనా అన్నడు. నేనే అన్న. మొఖం కనబడ్తనే ఉండె, కాదని ఎట్లంట? బాయి పైన చేసే పనికి ఫిట్ అని రాసిండ్రు. ఇగ బిడ్డకు నౌకరి రాదు."

"నేను లోపటికి పోయి చెప్తన్నా. కర్ర నేనే గుంజుకున్న, నేనే నడిపించిన అని చెప్త."

"నువ్వు నా తమ్ముని లెక్క అని అందరికీ ఎర్కే. ఎవరు నమ్ముతరు? పా, పోదాం."

బిడ్డ నీళ్ళ సీసాతో వచ్చింది. తండ్రి ముఖం చూసి అర్థం చేసుకుంది. వాళ్ళిద్దరినీ మందమర్రిలో దింపి వచ్చాను. ఆ కారులో నేను చేసిన చివరి ప్రయాణం అదే.

ఇప్పుడు అన్న బాయి మీద లైట్ల రూంలో పనిచేస్తున్నాడు. దిగేవాళ్ళకు తలకు కట్టుకునే లైట్లు ఇచ్చి, ఎక్కినవాళ్ళ దగ్గర తీసుకోవాలి. తేలిక పనే అంటారు, కానీ షిఫ్టు మారేటప్పుడు నిలబడక తప్పదు. ఒక్కసారి నన్ను తిట్టినా బాగుండేది. తిట్టలేదు. వీడియో తీసేశాను గానీ, అది ఎన్ని ఫోన్లలో ఉందో దేవుడికే తెలియాలి. మొన్న కూడా ఒకాయన, "మీ అన్న వీడియో జబర్దస్తుంది" అన్నాడు. ఆదివారాలు డ్యాం మీదికి పోవడం మానేశాను.

పోయిన నెల బస్సులో మందమర్రి వెళ్ళాను. అన్న ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. వదిన నీళ్ళకు నల్లా దగ్గరికి వెళ్ళింది. బిడ్డ చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"కాకా, ఒకటి అడుగుత. నిజం చెప్పు."

"అడుగు బిడ్డా."

"బాపుకు నిజంగనే నొస్తదా?"

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. కర్ర లాక్కోవడం, రెండుసార్లు నడిపించడం, వీడియోలో చేసిన మాయ, అన్నీ చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. ఆమె తలవంచుకుని విన్నది.

"నువ్వు చెప్పేది నిజమే కావొచ్చు కాకా. దినాం ఆయన మూలుగుడు చెవులతోని ఇంటనే ఉన్న. కని ఆయన అబ్బా అన్నప్పుడల్ల నాకు గా వీడియోనే యాదికొస్తది," అంది.

బయట గేటు చప్పుడైంది. అన్న వచ్చాడు. ఆమె లేచి తలుపు తీసింది గానీ చెయ్యి అందించలేదు. ఆయన గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతుంటే, గుమ్మంలో నిలబడి ఆయన ఎడమ కాలినే చూసింది.