పెద్దమ్మ తుంటి ఎముక మీద నా తీర్పు

ఒక్క ఎక్స్‌రే ఫిల్ముతో మా పెద్దమ్మ మగ్గాన్ని మట్టిలో పూడ్పించబోయిన ఘనత నాది. వినండి, తిట్టుకోండి. నేనైతే ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

ఎనభైల మొదట్లో, కొత్తగా డాక్టరునై, వరంగల్‌లో ఒక పెద్ద సారు దగ్గర ఎక్స్‌రేలు చదవడం నేర్చుకుంటున్నాను. అప్పుడే ఒక సంగతి చదివాను. తుంటి ఎముక పైభాగంలో సన్నని గీతలు అల్లుకుని ఉంటాయట. వయసు మీద పడి ఎముక గుల్లబారితే ఆ గీతలు ఒక్కొక్కటే మాయమవుతాయట. అన్నీ పోయాయంటే, కాస్త కాలు జారినా ఎముక విరుగుతుందట. అంతే, ఇక నన్ను పట్టేదెవరు! ముసలమ్మలు ఎవరైనా కుంటుతూ కనిపిస్తే చాలు, ఆశగా చూసేవాణ్ణి. సిగ్గులేని చూపండీ అది.

నా కర్మకు మా పెద్దమ్మే దొరికింది. కొత్తవాడలో గుంట మగ్గం మీద, అంటే నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి అంచున కూర్చుని, దుప్పట్లు నేసే మనిషి. బావి దగ్గర జారిపడి, తుంటి నొప్పని దవాఖానకు వచ్చింది. ఎముక విరగలేదు. అంతటితో నోరు మూసుకుని పంపేస్తే ఏ గొడవా లేదు. సారు ఊళ్లో లేరు. గీతలు చూడాలన్న ఉబలాటంతో నేనే ఇంకో ఫిల్ము తీశాను. కిరణాలు కాస్త గట్టిగానే వదిలాను. చీకటి గదిలో ఫిల్మును కడిగే మందులో వేసి, అటెండరుతో కబుర్లలో పడి తీయడం మరిచాను. అది దోసె పెనంలా నల్లగా వచ్చింది. లైటు పెట్టె మీద పెట్టి చూస్తే గీత అన్నదే లేదు.

"పెద్దమ్మా, నీ ఎముకల గీతలే లేవు! ఎప్పుడైనా విరుగుతది. ఇగ మగ్గం గుంటల దిగొద్దు."

"నలభై ఏండ్ల సంది దిగుతాన బిడ్డా. నెయ్యకుంటె నేనేం జెయ్యాలె?"

"కదలకుండ కూసో."

"కూసునే కదరా నేసేది!"

 డాక్టరు మాటకే ఎదురా అని గొంతు పెంచాను.

తోడు వచ్చిన పెద్దమ్మ కొడుకు రాజేశమన్న, ఆ మగ్గం జాగాలో పవర్‌లూమ్ పెట్టాలని రెండేళ్లుగా పోరుతున్నాడు. పెద్దమ్మ ససేమిరా అంటోంది. నా మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"తమ్మీ, డాక్టరువు నువ్వే చెప్పినంక ఇంకేంది!"

నాలుగో రోజు ఆ ఫిల్మును చంకలో పెట్టుకుని వెళ్తే పెద్దమ్మ ఇంటి ముందు బండెడు ఇసుక. గుంట సగం పూడింది. మగ్గం కొయ్యలు గోడకు ఆనించి ఉన్నాయి. పెద్దమ్మ వాటి ముందు పీనుగ దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది.  అయినా నా పౌరుషం చావదే!

"నీ మంచికే పెద్దమ్మా," అన్నాను.

"ఏదీ, ఆ బొక్క ఫోటో ఇటు తే. నా మగ్గం ఊడవీకిందేందో నేనూ జూస్త."

తెగిన పోగు వెతికేటప్పుడు గుడ్డను పట్టినట్టే ఫిల్మును మిట్టమధ్యాహ్నం ఎండకు ఎత్తిపట్టింది. అటు వంచింది, ఇటు వంచింది.

"మరి గివేందిరా?"

చూశాను. ఆ నలుపులో సన్నగా, ఒత్తుగా గీతలు! పెద్దమ్మ గోటితో చూపిస్తోంది.

"గిది పడుగు. గిది పేక. ఒక్క పోగన్న తెగిందా? ఏం సదివినవురా నువ్వు?"

సైకిలెక్కి సారు దగ్గరికి పరిగెత్తాను. ఆయన అప్పుడే ఊరి నుంచి దిగారు. ఫిల్ము వెనక పెద్ద బల్బు పెట్టి చూశారు.

"ఒక్క గీత కూడా పోలేదు. మాడింది ఫిల్మయ్యా, ఎముక కాదు! నల్లటి ఫిల్మును పెద్ద లైటు ముందు చూడాలని నీకు ఎన్నిసార్లు చెప్పాలి?"

తిరిగొచ్చి, తల వంచుకుని సంగతి చెప్పాను. రాజేశమన్న మొహం మాడిపోయింది. పెద్దమ్మ మాత్రం ఒక్క తిట్టు తిట్టలేదు.

"రాజేశం, తమ్మునికి పార తెచ్చియ్యి."

పొద్దు వాలేదాకా ఆ ఇసుకంతా ఒక్కణ్ణే ఎత్తిపోశాను. చివరి తట్ట పైకి అందించేసరికి నడుము పట్టేసింది. గుంటలోంచి లేవలేను, అందులో నిలబడలేను. పెద్దమ్మ కొయ్యలు బిగిస్తూ లోపలికి తొంగిచూసింది.

"జర ఎక్స్‌రే తీపిచ్చుకో బిడ్డా. ఫికర్ జెయ్యకు, నేను జూసి చెప్త."

ఆ గుంటలోనే, వంగిన నడుముతోనే, ప్రమాణం చేశాను: నేను కడిగిన ఫిల్ము మీద ఈ జన్మలో తీర్పు చెప్పను. చెప్పక తప్పకపోతే, ముందు నేత నేసేవాళ్లనెవరినైనా పిలిచి సంతకం తీసుకుంటాను.